గోడల ఆట, వల ఆట

కృష్ణానది సముద్రమును చేరుటకు ముందు, కుడిగట్టున, రేపల్లెకు చేరువగా పెనుమూడి యను గ్రామము కలదు. ఎదుటి గట్టున పులిగడ్డ. ఒకప్పుడు ఈ రెండు గట్లకును పడవయే దారి. ఇప్పుడు వంతెన కలదు. కొన్నాళ్ల క్రిందట ప్రొద్దు వాలువేళ నేనెక్కిన బస్సు ఆ వంతెన దిగుచుండగా కిటికీనుండి ఒక ఆట కనబడినది. నేలలో పాతిన రెండు వాసములు, వాని నడుమ బిగించిన వల, వలకు ఇరుప్రక్కల పండ్రెండుగురు పడుచువాండ్రు. వాలీబాల్. మన డెల్టా గ్రామములలో ఇంతకంటె చవుకయైన ఆట అరుదు. కోతలైన మాగాణి చాలును. బంతి ఒక్కటి చందాలు వేసికొని కొనవచ్చును. చూచువారికి టిక్కెట్టు లేదు, ఆడువారికి జీతము లేదు.

ఇట్టి వల ప్రక్కనుండియే నేటి మన కథ బయలుదేరుచున్నది. వాలీబాల్ ఆడిన తల్లిదండ్రులకు పుట్టిన ఒక బాలిక, ఆ యాటను ఆడక, బ్యాడ్మింటన్ రాకెట్టు పట్టి, దానినే వృత్తిగా చేసికొని, ప్రపంచ విజేత యైనది. పి. వి. సింధు పేరు ఎరుగని తెలుగువారు ఉండరు. ఆమె గెలుపోటములు మన పిల్లలకు కంఠస్థములు. కాని ఆ యింటి కథను చరిత్రగా పరిశీలించినవారు తక్కువ. క్రీడాకారుల యింట పుట్టుట యనగా నేమి? ఆట రక్తములో నుండునా, లేక మరియెచ్చటనైన నుండునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు మనము ముందుగా చాల దూరము, పెషావరు నగరము వరకు, పోయి రావలసియున్నది.

ఆటగాండ్ర వంశములలో మిక్కిలి పేరుమోసినది అచటి ఖానుల వంశము. వారి ఆట స్క్వాష్. దీనికి వల లేదు. నాలుగు గోడల గదిలో ఇద్దరు ఆటగాండ్రు ఒకే వైపున నిలిచి, చిన్న రబ్బరు బంతిని వంతులవారీగా ఎదుటి గోడకు కొట్టుదురు. పెషావరులో బ్రిటిషు సైనికాధికారుల క్లబ్బు ఒకటి యుండెను. హషీం ఖాన్ తండ్రి అందు కొలువు చేయుచుండెను. ఆ క్లబ్బు కోర్టులకు పైకప్పు లేదు. దొరలు కొట్టిన బంతి గోడ దాటి వెలుపల పడినపుడు పరుగెత్తి తెచ్చి యిచ్చుట చిన్ననాటి హషీంకు పని. ఎండ ముదిరి దొరలు నీడకు చేరినపుడు ఖాళీ కోర్టు ఆ పిల్లవానిది. అట్లు నేర్చిన ఆటతో ఆయన 1944 లో బొంబాయిలో అఖిల భారత పోటీని గెలిచెను. 1951 లో, తొలి యౌవనము గడచిన పిదప, లండనులో బ్రిటిష్ ఓపెన్ బిరుదును పొందెను. ఆ బిరుదు ఆయనకు మొత్తము ఏడు పర్యాయములు దక్కినది. తమ్ముడు ఆజం ఖాన్ నాలుగు మారులు, బంధువు రోషన్ ఖాన్ 1957 లో ఒకమారు గెలిచిరి. రోషన్ కుమారుడు జహంగీర్ 1982 నుండి 1991 వరకు వరుసగా పదిసార్లు గెలిచి, పెద్దలనందరిని మించిపోయెను.

ఈ వంశక్రమమును చూచిన వారు, ఆట వారి నెత్తుటిలో నున్నదని యందురు. నాకు మాత్రము ఇందు నెత్తుటికంటె తాళపుచెవి ఎక్కువగా కనబడుచున్నది. సామాన్యుని కొడుకునకు ఆ కోర్టు తలుపు తెరచియుండదు. తండ్రి కొలువు వలన ఆ తలుపు తెరచుకొన్నది. మరియొక సంగతి. ఆనాడు ‘ప్రొఫెషనల్’ అను మాటకు నేటి గౌరవము లేదు. క్లబ్బులో చందాదారుడై వినోదమునకు ఆడువాడు అమెచ్యూరు, అతడు పెద్దమనిషి. ఆ పెద్దమనుషులకు ఆట నేర్పి జీతము పుచ్చుకొనువాడు ప్రొఫెషనల్, అతడు నౌకరు. వృత్తి క్రీడాకారుడను పదము నౌకరు గదిలో పుట్టి, పిమ్మట సింహాసనమెక్కినది.

తెలుగుదేశమున స్క్వాష్ వేళ్లూనలేదు. కారణము విచిత్రమేమియు కాదు. దానికి నున్నని గోడలు గల గది వలయును. అట్టి గదులు కంటోన్మెంటులకును జింఖానా క్లబ్బులకును పరిమితమైనవి. పొరుగున చెన్నపట్టణమందు మాత్రము ఈ యాట చక్కగా నాటుకొన్నది. అచటి జోష్న చిన్నప్ప తండ్రి స్క్వాష్ ఆటగాడు. దీపికా పల్లికల్ తల్లి భారత మహిళా క్రికెట్ జట్టులో ఆడిన సూసన్ ఇట్టిచేరియా. ఈ యిరువురును కలసి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో జంటల స్వర్ణపతకమును గెలిచిరి. అచటను ఇల్లే తొలి మెట్టని వేరుగ చెప్పనక్కరలేదు.

మనకు గోడల ఆట లేకపోయినను వల ఆటలకు లోటు లేదు. పసుపుపచ్చని ఉన్నిబంతితో, జట్టునకు ఐదుగురు చొప్పున ఆడు బాల్ బ్యాడ్మింటన్ ఒకప్పుడు మన ఉన్నత పాఠశాలల ఆవరణలలో సాయంకాలపు శోభ. ఆ యాటలో తొలి అర్జున పురస్కారము 1970 లో అందుకొన్న జమ్మలమడక పిచ్చయ్యగారు మనవారే. ఆయన వరంగల్లులో నూరేండ్లు దాటి జీవించి 2021 లో కన్నుమూసిరి. అంతటి ఆటగాని పేరు నేటి యువకులకు తెలియదు. ఒలింపిక్సులో చోటులేని ఆటకు జ్ఞాపకశక్తి తక్కువ కాబోలు.

ఇక వాలీబాల్. 1962 లో జకార్తా ఆసియా క్రీడలలో రజతము పొందిన భారత పురుషుల జట్టు, మరల అట్టి పతకమును చూచుటకు 1986 సియోల్ క్రీడల వరకు వేచియుండవలసివచ్చెను. ఆ యేట జపానును ఓడించి కాంస్యము తెచ్చిన జట్టులో పూసర్ల వెంకట రమణ ఒకరు. సింధు తండ్రి ఆయనయే. అదే జట్టులో కేరళకు చెందిన జిమ్మీ జార్జి యుండెను. ఎనమండుగురు అన్నదమ్ములును వాలీబాల్ ఆడిన ఇల్లు అతనిది. అంతటి ఆటగాడును ఆటనే వృత్తిగా చేసికొనుటకు ఇటలీ పోవలసివచ్చెను. 1987 నవంబరులో అచటనే కారు ప్రమాదమున మరణించెను. స్వదేశమున మిగిలినవారికి వాలీబాల్ వృత్తి కాదు. అది ఉద్యోగమునకు దారి. రైల్వే, పోలీసు, బ్యాంకు, విద్యుత్తు శాఖలు ఆటగాండ్రను చేర్చుకొని, ఉదయ సాయంకాలములలో ఆడనిచ్చి, నెలజీతమిచ్చెడివి. రమణగారు రైల్వేలో చేరిరి. ఆయన భార్య విజయగారును జాతీయస్థాయి వాలీబాల్ క్రీడాకారిణి. ఆటయే ఆ సంసారమునకు బియ్యము, బట్ట, క్వార్టరు. ఇది చిన్న విషయము కాదు. అయినను ఆ ఉద్యోగము ఆటగానికి భద్రత నిచ్చునేగాని ఆటకు భవిష్యత్తు నీయదు.

రమణగారికి అర్జున పురస్కారము 2000 సంవత్సరమున వచ్చినది. సియోల్ పతకమునకును దానికిని నడుమ పదునాలుగేండ్లు. ఈ లెక్కను శ్రోతలు గుర్తుంచుకొందురుగాక. మరల దీని అవసరము కలుగును.

సింధు 1995 జూలై 5 న హైదరాబాదున జన్మించెను. తండ్రి రైల్వే మైదానమున వాలీబాల్ ఆడుచుండగా తాను ప్రక్కనున్న కోర్టులో షటిల్ కొట్టుచు ఈ యాటలో పడితినని ఆమె పలుమారులు చెప్పినది. ఎనిమిదవ యేట క్రమమైన అభ్యాసము మొదలైనది. తొలిపాఠములు నేర్పినవారు మహబూబ్ అలీగారు; నేర్చిన తావు సికింద్రాబాదులోని రైల్వే సిగ్నల్ ఇంజనీరింగు, టెలికమ్యూనికేషన్ల శిక్షణసంస్థ కోర్టు. పెషావరు క్లబ్బు తలుపు హషీంకు ఎట్లు తెరచుకొన్నదో, రైల్వే కోర్టు తలుపు ఈ బాలికకు అట్లే తెరచుకొన్నది. రెండుచోట్లను తండ్రి కొలువే తాళపుచెవి.

మరి వాలీబాల్ దంపతుల కూతురు బ్యాడ్మింటన్ వైపు ఏల మొగ్గినది? దీనికి సమాధానము పెనుమూడి యున్న జిల్లాలోనే కలదు. ఇంకొల్లు మండలములో నాగండ్ల యను గ్రామము కలదు. అది మునుపు ప్రకాశము జిల్లాలోనిది. 2022 నుండి పెనుమూడియు నాగండ్లయు ఒకే బాపట్ల జిల్లాకు చెందినవి. ఆ నాగండ్లలో 1973 నవంబరు 16 న పుల్లెల గోపీచంద్ జన్మించిరి. మోకాలికి శస్త్రచికిత్సలు జరిగి, ఇక ఆడలేడని పలువురు అనుకొన్న పిదప, 2001 మార్చిలో ఆయన ఆల్ ఇంగ్లండ్ పోటీ తుదియాటలో చైనా ఆటగాడు చెన్ హాంగును 15-12, 15-6 తో ఓడించిరి. 1980 లో ప్రకాశ్ పదుకోన్ గెలిచిన తరువాత ఆ బిరుదు మరల మనదేశమునకు వచ్చుట అదియే. ఆ వార్త సింధు వంటి పిల్లలున్న ఇండ్లలో చేసిన పని యింతంత కాదు. గోపీచంద్ అంతటితో నిలువలేదు. ప్రభుత్వమిచ్చిన నేలమీద అకాడమీ కట్టుటకు సొంత యిల్లు తాకట్టుపెట్టిరి. నిమ్మగడ్డ ప్రసాద్‌గారు ఐదుకోట్ల రూపాయలు విరాళమిచ్చిరి. 2008 లో గచ్చిబౌలిలో అకాడమీ తెరచిరి. దానితో రైల్వే కోర్టు తలుపువలె తండ్రి ఉద్యోగముపై ఆధారపడని తలుపు ఒకటి తెలుగుదేశమున వెలసినది.

ఆ తలుపు దగ్గరకు చేరుట మాత్రము సులభము కాదు. ఇల్లు నగరమునకు ఈ కొన, అకాడమీ ఆ కొన. దినమునకు 56 కిలోమీటర్లు రాకపోకలని ఆనాటి పత్రిక వ్రాసినది. తెల్లవారకముందే బాలికను నిద్రలేపి, బండిలో కూర్చుండబెట్టి, చలిలో తీసికొనిపోవుట తల్లిదండ్రుల పని. ఇరుగుపొరుగు ఇంట ఇది క్రూరముగా తోచును. తాము అట్లే పెరిగిన తల్లిదండ్రులకు ఇది సహజము. ఆటగాండ్ర యింట పుట్టుటలోని మొదటి లాభము ఇదియేనని నా అభిప్రాయము: అచట శ్రమను చూచి జాలిపడువారు ఉండరు. రక్తము వలన వచ్చినది లేదని కాదు. ఐదడుగుల పది అంగుళముల పొడవు వాలీబాల్ దంపతులిచ్చిన ఆస్తియే. కాని పొడవైనవారందరు విజేతలు కారు.

గురువు ఇచ్చినది వేరు. ఈ బాలిక కోర్టులో మిక్కిలి మౌని. గోపీచంద్ ఒకనాడు అకాడమీ నడుమ నిలువబెట్టి, అందరికి వినబడునట్లు గొంతెత్తి అరచువరకు రాకెట్టు పట్టనీయలేదని చెప్పుదురు. కోపము రాని పిల్లకు కోపము నేర్పిన గురువు మన పురాణములలో సైతము కనబడడు.

తొలి గెలుపులను వేగముగా చెప్పెదను. 2012 లో ఆసియా జూనియర్ విజయము. అదే యేట చైనాలోనే లండను ఒలింపిక్ విజేత లీ షూరుయిపై గెలుపు. 2013 లో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యము. మహిళల సింగిల్సులో భారతదేశమునకు అదియే తొలి పతకము. ఆ యేడే అర్జున పురస్కారము వచ్చి, తండ్రీకూతుళ్లిరువురును ఆ గౌరవము పొందినవారైరి. తండ్రికి సియోల్ తరువాత పదునాలుగేండ్లకు వచ్చినది కూతురునకు పదునెనిమిదవ యేట వచ్చినది. 2015 లో పాదమున ఎముక చిట్లి కొన్ని మాసములు ఆట నిలిచినది. 2016 రియో ఒలింపిక్సునకు ముందు రమణగారు రైల్వేకు సెలవుపెట్టి కుమార్తె వెంట నుండిరి. గురువు ఆమె చేతినుండి సెల్ ఫోను తీసికొని మూడు మాసములు దాచిరి. ఆగస్టు 19 న తుదియాట. స్పెయిను క్రీడాకారిణి కరోలినా మారిన్ 19-21, 21-12, 21-15 తో గెలిచినది. ఓడినను సింధు ఒలింపిక్ రజతము పొందిన తొలి భారత మహిళ. ఫోను తిరిగి చేతికి వచ్చినది. ఐస్‌క్రీమునకు అనుమతి దొరకినది.

ఇంటికి వచ్చిన పిమ్మట జరిగిన సంబరము వర్ణింపనలవి కాదు. తెలంగాణ ప్రభుత్వము ఐదుకోట్లు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మూడుకోట్లు ప్రకటించినవి. బిడ్డ మాదనగా మాదని రెండు రాష్ట్రములు పోటీపడినవి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టమును సవరించి 2017 లో ఆమెకు డిప్యూటీ కలెక్టరు పదవి నిచ్చినది. ఇందులో చరిత్రకారునకు చిరునవ్వు తెప్పించు విశేషమొకటి కలదు. తండ్రి కాలమున ఆటగానికి లభించు పరమావధి ప్రభుత్వోద్యోగము. కూతురు కాలమునకు ఆట తానే వృత్తియైనది. 2018 లో ఫోర్బ్స్ పత్రిక ప్రకటించిన పట్టికలో అత్యధికాదాయము గల మహిళా క్రీడాకారులలో ఆమెది ఏడవ స్థానము. ఆదాయము 85 లక్షల డాలర్లు. అయినను మన ఆదరము మాత్రము పాత భాషలోనే, ఉద్యోగపు ఉత్తరువు రూపముననే వెలువడినది.

ధనము వచ్చినది, కీర్తి వచ్చినది. కాని 2016 నుండి 2019 వరకు నడచిన మూడేండ్లే ఆ యింటికి అసలు పరీక్షాకాలమని నాకు తోచును. 2017 ఆగస్టులో గ్లాస్గోలో ప్రపంచ చాంపియన్‌షిప్ తుదియాట. ప్రత్యర్థి జపాను దేశీయురాలు నొజోమి ఒకుహరా. పొట్టి మనిషి, అలుపెరుగని మనిషి. మొదటి గేము ఒకుహరాది, 21-19. రెండవ గేము 22-20 తో సింధుది. ఆ గేము చివరి పాయింటునకు షటిల్ వలమీదుగా 73 పర్యాయములు ఇటునటు పోయినది. మూడవ గేము 20-20 వరకు వచ్చినది. మోకాళ్లపై చేతులూని వంగి నిలిచిన ఆ యిద్దరిని చూచినవారికి ఇది ఆటయా, తపస్సా యని తోచినది. 22-20 తో ఒకుహరా గెలిచినది. 110 నిమిషములు ఆడి సింధు రజతముతో వెనుదిరిగినది. ఆ యేటి డిసెంబరులో దుబాయిలో మరల తుదియాట, మరల ఓటమి. 2018 లో కామన్వెల్త్ క్రీడల తుదియాటలో సైనా నెహ్వాల్ చేతిలో, ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మారిన్ చేతిలో, ఆసియా క్రీడలలో తై జూ యింగ్ చేతిలో ఓటమి. తుదిమెట్టు ఎక్కలేని పిల్ల యని పత్రికలు వ్రాసినవి. వీధిలో పదిమంది అదే పలికిరి. రజతమనగా వెండి కాదు, అపరాధము అనునట్లైనది.

ఇట్టి సమయమున మామూలు గృహస్థు ఏమి చేయును? కూతురు ఏడ్చినచో తానును ఏడ్చును. లేదా శిక్షకుని తప్పుపట్టును. లేదా జాతకము చూపించును. సియోల్ కాంస్యమునకు పదునాలుగేండ్ల తరువాత దేశము గుర్తించిన మనిషికి, రెండేండ్ల అపవాదు ఎంతమాత్రము? ఇరువదినాలుగేండ్ల విరామము తరువాత పతకము తెచ్చిన జట్టులో నిలిచినవానికి నిరీక్షణము క్రొత్త కాదు. ఓడిన మరునాడు మైదానమునకు పోవుట ఆ యింట నిత్యకృత్యము. తాళపుచెవి తరువాత క్రీడాకారుల యిల్లు ఇచ్చు రెండవ ఆస్తి ఇది. దీనిని ఏ అకాడమీ రుసుము పుచ్చుకొని నేర్పజాలదు.

2018 డిసెంబరులో గ్వాంగ్జౌలో ప్రపంచ పర్యటన తుదిపోటీ. అచట ఒకుహరాను ఓడించి సింధు బిరుదు గెలిచినది. 2019 ఆగస్టు 25 న స్విట్జర్లాండులోని బాసెలు నగరమున మరల ప్రపంచ చాంపియన్‌షిప్ తుదియాట. మరల ఆ ఒకుహరాయే. ఈమారు 73 దెబ్బల పాయింట్లు లేవు. 21-7, 21-7. ముప్పదియెనిమిది నిమిషములలో ముగిసినది. బ్యాడ్మింటన్‌లో ప్రపంచ విజేత యైన తొలి భారతీయురాలు, భారతీయులందరిలోను తొలి వ్యక్తి, సింధు. ఆనాడు తల్లి విజయగారి జన్మదినము; ఆ పతకమును ఆమెకు అంకితమిచ్చుచున్నానని కూతురు అచటనే చెప్పినది.

తరువాతి కథ అందరు ఎరిగినదే. 2021 ఆగస్టు 1 న టోక్యోలో కొరియా దేశపు శిక్షకుడు పార్క్ తే-సాంగ్ పర్యవేక్షణలో ఆడి, చైనా క్రీడాకారిణి హె బింగ్‌జియావోను ఓడించి కాంస్యము. రెండు ఒలింపిక్ పతకములు గల తొలి భారత మహిళ యగుట. 2022 లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ స్వర్ణము. ఆపైన గాయము, రెండేండ్లకు మించి ఒక్క బిరుదైనను లేకుండుట. 2024 పారిస్ ఒలింపిక్సులో అదే హె బింగ్‌జియావో చేతిలో ఓడి తిరిగివచ్చుట.

ఈ లోపల మరియొక క్రీడాగృహము ఎదిగి వచ్చినది. గోపీచంద్ భార్య పి. వి. వి. లక్ష్మి 1996 అట్లాంటా ఒలింపిక్సులో ఆడిన బ్యాడ్మింటన్ క్రీడాకారిణి. వారి కుమార్తె గాయత్రి 2003 లో పుట్టినది. తండ్రి పేరు గాంచిన సింగిల్సును విడిచి, కేరళ బాలిక ట్రీసా జాలీతో కలసి జంటల ఆటను చేపట్టినది. 2022, 2023 సంవత్సరములలో ఆ జంట ఆల్ ఇంగ్లండ్ పోటీలో సెమీఫైనల్ చేరినది. తండ్రి అకాడమీలో తండ్రి కూతురుగా ఆడుట సులభమని పైనుండి చూచువారికి తోచును. ప్రతి ఓటమికి ఇంటి పేరును జోడించి మాటలాడు లోకమున ఆ భారము ఎట్టిదో ఆమెకే తెలియవలెను.

2024 డిసెంబరు 1 న లక్నో నగరమున సయ్యద్ మోదీ పోటీ తుదియాటలు జరిగినవి. ఆనాడు చైనా క్రీడాకారిణి వు లువోయూను ఓడించి, రెండేండ్ల ఎడబాటు తరువాత సింధు బిరుదు గెలిచినది. ఆ దినముననే, ఆ ప్రాంగణమునందే, గాయత్రియు ట్రీసాయు మహిళల జంటల బిరుదును గెలిచిరి.